పరుగు మొదలుపెట్టినవారికి ఒక మాట

ధ్యానభాగములు: యిర్మీయా 12:5, 1 రాజులు 18:46 – 19:8, 1 కొరింథీయులకు 9:24–27



దుర్మార్గులు ఏల వర్ధిల్లుచున్నారని యిర్మీయా ప్రవక్త దేవుని యెదుట వ్యాజ్యెము పెట్టెను. దేవుడు దానికి సూటిగా జవాబు చెప్పక ప్రవక్తనే ఒక ప్రశ్న అడిగెను. కాలినడకవారితో పరుగు తీసినందుకే ఆయాసపడిన నీవు గుఱ్ఱములను ఎట్లు అందుకొందువు అనునది ఆ ప్రశ్న భావము. మనము దీనిని గద్దింపుగా విని ఊరకుందుము. అయితే దీనిలో ఒక వరుస కూడ కనబడుచున్నది. గుఱ్ఱములతో పోటీ రేపటిది. నేటి పని మనుష్యులతో పరుగెత్తి అలయకుండ నేర్చుకొనుట. ఈ వరుసను విడిచి మొదటి దినముననే గుఱ్ఱముల వెంటబడువారిని మేము ప్రతి ఉదయము చెరువుగట్టు మీద చూచుచున్నాము గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము చెప్పబోవునది ముందుగా కాళ్ల పరుగును గూర్చియే. పౌలు చెప్పిన పందెపు ఉపమానమును చేత పట్టుకొని వెంటనే పరలోకమునకు ఎక్కిపోవు ప్రసంగములు మీరు చాల వినియుందురు. ఆ ఉపమానమునకు క్రింద నేల యున్నది, నేల మీద నిజమైన అరికాళ్లు ఉన్నవి. ముందు ఆ నేలను చూడవలెనని మా కోరిక.

మా ఊరిలో తెల్లవారకముందు గట్టెక్కువారు రెండు తెగలవారు. ఒకరు పడుచువాండ్రు. రెండు తెలుగు రాష్ట్రములలోను కానిస్టేబులు ఉద్యోగమునకు పోవు మగపిల్లలు 1600 మీటర్లు పరుగెత్తి చూపవలెను. నోటిఫికేషను వచ్చినదని చెవిని పడిన మరునాడే బూట్లు కొని వచ్చెదరు. రెండవ తెగవారు నలుబది దాటినవారు. వీరిని గట్టు మీదికి తరిమినది డాక్టరుగారి చీటీ. మన దేశములో షుగరు వ్యాధి ఉన్నవారు 10 కోట్ల మందికి పైగా ఉన్నారని భారత వైద్య పరిశోధనా మండలివారి అధ్యయనము 2023లో తెలిపెను. అది పట్టణపు ధనికుల జబ్బని మన పెద్దలు అనుకొనెడివారు. ఇప్పుడు మాలపల్లెలోను మాదిగపల్లెలోను కూలికి పోవు తల్లులే మాత్రలు మింగుచున్నారు.

ఈ రెండు తెగలవారిలోను మేము గమనించిన సంగతి ఒకటే. మొదటి దినమున ఎవరు మిక్కిలి జోరుగా పరుగెత్తుదురో వారే పదవ దినమున గట్టు మీద కనబడరు.

మా సంఘములో ఒక విధవరాలికి ఒక్కడే కుమారుడు. వయోపరిమితి దాటకముందు వానికి ఇంక ఒక్క అవకాశమే మిగిలియున్నది. వాడు మొదటి దినముననే పదహారు వందల మీటర్లు ఒక్క ఊపున పరుగెత్తి తుమ్మచెట్టు దగ్గర కూలబడి వాంతి చేసికొనెను. అయినను మానలేదు. మరునాడు మరల పరుగెత్తెను, ఆ మరునాడును అంతే. ఆరవ దినమునకు మోకాలి క్రింద ముంగాలి ఎముక పొడవున నొప్పి పుట్టి మంచమెక్కెను. తల్లి మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, నా ఒంట్లో సత్తువ లేదమ్మా, మన జాతికి ఆ ఉద్యోగం రాసిపెట్టి లేదు అంటున్నాడండి. మీరొచ్చి ప్రార్థన చెయ్యండి” అని ఏడ్చెను. మేము వెళ్లి ప్రార్థన చేసితిమి. పిమ్మట మంచము అంచున కూర్చుండి, “ఎట్లు పరుగెత్తితివిరా అబ్బాయీ, మొదటి నుండి చెప్పుము” అని అడిగితిమి. వాడు చెప్పినదంతయు విన్నప్పుడు సత్తువకు కొదువ లేదనియు, వరుసకే కొదువ యనియు మాకు తెల్లమాయెను.

దేహమును నిర్మించినవాడు దానిలోని భాగములన్నిటికి ఒకే వేగము పెట్టలేదు. గుండెయు ఊపిరితిత్తులును కొద్ది వారములలోనే పరుగునకు అలవాటుపడును. కండరములు వాటి వెనుక వచ్చును. ఎముకలును, కండరమును ఎముకకు కట్టియుంచు గట్టి నారలును మిక్కిలి నెమ్మదిగా, నెలల మీద బలపడును. ఇందుచేతనే క్రొత్తవాడు మోసపోవును. రెండు వారములు గడువగానే ఊపిరి ఆడుచున్నది గదా యని వాడు దూరము పెంచును. ఊపిరి సరేననును గాని ముంగాలి ఎముక ఇంకను సిద్ధపడలేదు. నొప్పి వచ్చినప్పుడు వాడు తన జాతిని, తన తల్లి పెట్టిన తిండిని, కడకు దేవుని చిత్తమును తప్పుపట్టును. పాపము, వానికి ఎవరును చెప్పలేదు.

చెప్పినవారు లోకములో లేకపోలేదు. అమెరికాలో జోష్ క్లార్క్ అను యువకుడు 1996లో ఏబదియేండ్లు దాటిన తన తల్లిని మనస్సులో ఉంచుకొని ఒక క్రమము వ్రాసెను. అది తొమ్మిది వారముల క్రమము, వారమునకు మూడు దినములే. మొదట అయిదు నిమిషములు చురుకుగా నడువవలెను. తరువాత ఒక్క నిమిషము మెల్లగా పరుగెత్తి, నిమిషమున్నర నడచి, మరల ఒక్క నిమిషము పరుగెత్తవలెను. ఇట్లు ఇరువది నిమిషములు. మొదటి వారమంతయు ఇంతే. పిమ్మట వారము వారము నడక తగ్గి పరుగు పెరుగును. తొమ్మిదవ వారమునకు ఎడతెగక ముప్పది నిమిషములు పరుగెత్తుట అలవడును. కొడుకు తల్లి కొరకు వ్రాసినది గనుక దీనిలో కనికరమున్నది. దీనిని చదువుచున్నప్పుడు యాకోబు ఏశావుతో చెప్పిన మాట మాకు జ్ఞాపకము వచ్చెను. పిల్లలును పాలిచ్చు పశువులును ఉన్నవి, ఒక్క దినము వడిగా తోలినయెడల మంద చచ్చును, నేను వాటి నడకనుబట్టి నెమ్మదిగా వచ్చెదనని ఆయన చెప్పెను (ఆదికాండము 33). దేహము కూడ అట్టి మందయే.

వేగము ఎంత ఉండవలెనని అందరును అడుగుదురు. ప్రక్కవానితో మాటలాడుటకు వీలైనంత. దీనికి గడియారము అక్కరలేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనను పరుగెత్తుచు మెల్లగా చెప్పి చూడుడి. ఒక్కొక్క విన్నపము ఊపిరి తెగకుండ ముగిసినయెడల వేగము సరియైనది. మధ్యలో ఆగి రొప్పవలసివచ్చినచో వెంటనే తగ్గించవలెను. కీర్తన చరణములు హాయిగా పాడగలిగితిరా, అది కొంచెము నెమ్మదియే. అయినను మొదటి వారములలో అది దోషము కాదు.

నెమ్మదిగా పరుగెత్తుట సిగ్గనుకొనువారికి ఒక సంగతి. 1960ల ఆరంభములో బిల్ బవర్‌మన్ అను అమెరికా దేశపు పేరుగల పరుగు శిక్షకుడు న్యూజీలాండునకు వెళ్లెను. అక్కడ ఆర్థర్ లిడియార్డ్ అను శిక్షకుడు సామాన్య జనులకు, గుండెజబ్బు వచ్చి కోలుకొనిన వృద్ధులకు సైతము మెల్లని పరుగు నేర్పుచుండెను. బవర్‌మన్‌కు అప్పటికి ఏబదియేండ్లు. ఎందరికో పరుగు నేర్పిన ఆయన, గుండెపోటు అనుభవించిన డెబ్బది దాటిన ముదుసలితో సమముగా పోలేక వెనుకబడెను. తరువాత ఆయన స్వదేశమునకు తిరిగివచ్చి ఈ మెల్లని పరుగును తన ఊరివారికి నేర్పి, 1967లో దానిని గూర్చి ఒక పుస్తకము ప్రకటించెను.

ఇక విశ్రాంతి మాట. వారమునకు మూడు దినములే యన్నప్పుడు మన పడుచువాండ్రు నవ్వుదురు. ఏడు దినములు పరుగెత్తినయెడల రెండింతలు బలము వచ్చునని వారి లెక్క. బలము పరుగెత్తుచున్నప్పుడు రాదు, ఆ తరువాత పండుకొన్నప్పుడు వచ్చును. పరుగులో అరిగినదానిని దేహము నిద్రలో బాగుచేయును. ఏలీయా చరిత్ర చదువుడి. కర్మెలు కొండ మీద అగ్ని దిగిన దినమున, వర్షము వచ్చుచుండగా, ఆయన నడుము బిగించుకొని అహాబు రథమునకు ముందు యెజ్రెయేలువరకు పరుగెత్తెను. అది పాతిక కిలోమీటర్లకు తక్కువ కాదు. ఆ తరువాతి అధ్యాయములోనే ఆయన ఒక బదరీవృక్షము క్రింద పడి, ప్రాణము తీసికొనుమని దేవుని వేడుకొనుచున్నాడు. మనమైతే ఆ స్థితిలో ఉన్న సేవకుని విశ్వాసము చాలలేదని మందలించియుందుము. దేవదూత మందలించలేదు. నిద్రపోనిచ్చెను. నిప్పుల మీద కాల్చిన రొట్టెయు, నీళ్ల బుడ్డియు తలయొద్ద ఉంచెను. లేపి తినిపించి, మరల పండుకొననిచ్చి, రెండవమారు లేపి తినిపించెను. అటు పిమ్మటనే నలువది దినముల ప్రయాణము. దేవుడు సందేశమిచ్చుటకు ముందు రెండు భోజనములును రెండు నిద్రలును ఇచ్చెనను సంగతిని మా దైవశాస్త్ర పాఠశాలలో ఒక వృద్ధ ఉపాధ్యాయుడు నొక్కి చెప్పెడివారు. అప్పుడు మేము ఇరువదియేండ్ల వారము. నలుబది దాటిన తరువాత ఆ పాఠము మరి రుచిగా నున్నది.

మేమును రెండేండ్ల క్రిందట డాక్టరుగారి చీటీ మీదనే గట్టెక్కితిమి. పూర్వము ఉపదేశులు ఊరూరికి కాలినడకను వెళ్లి సువార్త చెప్పిరి. మోటారు సైకిలు వచ్చినది మొదలు సువార్త త్వరగా పోవుచున్నది, సువార్తికుని పొట్టయు అంతే త్వరగా వచ్చుచున్నది. మేము మొదటి ఉదయమున ఒక్క నిమిషము పరుగెత్తగానే, బర్రెలకు గడ్డి కోయుచున్న ఒక పెద్దమ్మ కొడవలి పడవేసి, “అయ్యగారూ, ఎవరికండీ ప్రాణం మీదికొచ్చింది?” అని కేక వేసెను. పాదిరి పరుగెత్తుట ఆమె అంతకుముందు చావు కబురు వచ్చినప్పుడే చూచియుండెను. “ఎవరికీ ఏమీ లేదమ్మా, మా ప్రాణం మీదికి రాకుండానే ఈ పరుగు” అంటిమి. ఆమె నమ్మక గట్టు చివరివరకు మా వెంట వచ్చెను. ఊరి నవ్వు మూడు వారములు ఉండును. నాలుగవ వారమున కొందరు ఆ చూర్ణమేమి, ఆ చెప్పులేమి అని అడుగ మొదలుపెట్టుదురు.

చెప్పుల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. హవాయి చెప్పులతో పరుగెత్తవద్దు. ఖరీదైన బూట్లు అక్కరలేదు. పాదమునకు సరిపోయి, మడమ జారక, ముందర బొటనవ్రేలికి అంగుష్ఠమాత్రపు చోటు ఉన్నచో చాలును. షుగరు ఉన్నవారు ఇంటికి రాగానే అరికాళ్లను వ్రేళ్ల సందులతో సహా చూచుకొనవలెను, వారికి పుండు పడినను నొప్పి తెలియకపోవచ్చును. మాత్రలు గాని ఇన్సులిను గాని తీసికొనువారు జేబులో బెల్లపు ముక్కయో చక్కెర బిళ్లయో ఉంచుకొనవలెను. గుండెజబ్బు, రక్తపు పోటు, షుగరు ఉన్నవారు డాక్టరును అడిగి గాని మొదలుపెట్టరాదు. పరుగులో రొమ్ము బిగబట్టినను, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకినను, కన్నులు చీకటి కమ్మినను ఆ క్షణమే ఆగి ఆసుపత్రికి పోవలెను. అట్టి సమయమున పరుగెత్తుట విశ్వాసము కాదు. దేవాలయ శిఖరము మీదినుండి దూకుమని చెప్పినవాడెవడో మనకు తెలియును. ఎండకాలములో సూర్యుడు పైకి రాకముందే ముగించుడి. అన్నము తిని రెండు మూడు గంటలు గడువనిదే పరుగెత్తవద్దు.

అపొస్తలుడు తిమోతికి వ్రాయుచు దేహసాధన వలని లాభము కొద్దిదే యనెను. కొద్దియే యనెను గాని లేదనలేదు. ఆయనకు ఆ సాధన తెలియనిది కాదు. ఆయన ఏడాదిన్నర కాపురమున్న కొరింథు పట్టణమునకు చేరువలో, ఇస్త్మియ అను చోట, రెండేండ్లకు ఒకమారు గొప్ప ఆటలు జరుగుచుండెను. గెలిచినవానికి దేవదారు జాతి చెట్టు కొమ్మతోనో, ఎండిన ఆకుకూరతోనో అల్లిన కిరీటము పెట్టెడివారు. వాడిపోవు కిరీటమని పౌలు వ్రాసినప్పుడు కొరింథువారు అది కన్నులార చూచినదే. ఒలింపియలోని ఆటగాండ్రు పది నెలలు నియమముగా సాధన చేసితిమని ప్రమాణము చేసిన పిమ్మటనే బరిలో దిగెడివారు. సుమారు ఆరువందల అడుగుల పరుగునకు పది నెలలు! పందెపువాడు అన్నిటిలో మితము పాటించునని పౌలు చెప్పినప్పుడు మనము తిండిని గూర్చియు త్రాగుడును గూర్చియు మాత్రమే తలంతుము. ఆత్రమునకును మితముండవలెను. మారుమనస్సు పొందిన మొదటి నెలలో రాత్రంతయు ప్రార్థించి, మూడు దినములు ఉపవాసముండి, బంధువులందరితో వాదించి, ఆరవ నెలలో ఆరాధనకు రానివారు ప్రతి సంఘములోను ఉన్నారు. వారిని పడిపోయినవారని త్రోసివేయుట సులభము. మేమైతే ఆ విధవరాలి కుమారునివలెనే వారిని చూచుచున్నాము. వారి మంచము అంచున కూర్చుండి, ఎట్లు పరుగెత్తితిరని అడిగి, రోజునకు ఒక అధ్యాయము, ఒక చిన్న ప్రార్థన, ఆదివారము ఒక ఆరాధన అని మరల మొదటి వారము నుండి ఆరంభింపజేయవలెను.

మా పరుగు అందముగా లేదని కొందరు జంకుదురు. ఎరిక్ లిడ్డెల్ పరుగు ఎట్లుండెనో తెలియునా? తల వెనుకకు వాల్చి, నోరు తెరచి, చేతులు గాలిలో కొట్టుకొనుచు పరుగెత్తెడివాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల తొలి పరుగు ఆదివారము వచ్చినందున ఆయన దానిని విడిచిపెట్టెను. ఇది అందరును చెప్పు కథ. తక్కువమంది చెప్పునది మరొకటి ఉన్నది. ఆ సంగతి నెలల ముందే తెలిసి, ఆయన ఊరక చేతులు ముడుచుకొని కూర్చుండలేదు, మరింత దూరమైన 400 మీటర్లకు సాధన చేసెను. దానిని 47.6 సెకన్లలో గెలిచెను. తరువాత చైనాలో మిషనెరీగా ఉండి 1945లో వెయ్‌శియెన్ నిర్బంధ శిబిరములో ప్రభువునందు నిద్రించెను.

సరిగా నూరేండ్లకు, అదే పారిస్ పట్టణములో, అదే 400 మీటర్ల దూరములో, మన వరంగల్లు సీమలోని కల్లెడ అను పల్లెటూరి పిల్ల జీవంజి దీప్తి 2024 పారాలింపిక్స్ కాంస్య పతకము గెలిచెను. అదే సంవత్సరము జపానులోని కోబెలో ప్రపంచ పోటీలలో బంగారు పతకము పొందెను. ఆమె తలిదండ్రులు వ్యవసాయ కూలీలు. బుద్ధి ఎదుగుదలలో లోపముతో పుట్టిన ఆ బిడ్డను ఊరివారు ఎగతాళి చేసిరి. ఈ సంగతి ఏల వ్రాయుచున్నామనగా, మా ఊరిలో ఆడపిల్లలు పరుగెత్తుటకు చోటు లేదు. గట్టు మీద అడుగుపెట్టగానే ఒకడు ఈల వేయును, ఇంకొకడు ఆమె తండ్రికి కబురు మోయును. మగపిల్లవానికి కాలినొప్పి అడ్డము. ఆడపిల్లకు ఊరి కన్నులు అడ్డము. బాగుగా పరుగెత్తుచుంటిరే, ఎవరు అడ్డగించిరని గలతీయులను పౌలు అడిగిన ప్రశ్నను సంఘపెద్దలమైన మనము ఈ పిల్లల పక్షమున అడుగవలెను. జవాబులో మన పేరులు లేకుండ చూచుకొనవలెను.

కడపట వచ్చువారికి సమాధి తోటలోని పరుగు ఆదరణ. పునరుత్థాన దినమున పేతురును మరియొక శిష్యుడును పరుగెత్తిరి. ఆ శిష్యుడు ముందుగా చేరి బయటనే నిలిచి తొంగిచూచెను. పేతురు వెనుకబడి వచ్చెను గాని లోపలికి ముందు వెళ్లినవాడు ఆయనే. ఎంత సేపటికి వచ్చితివని ఆయనను ఎవరును అడుగలేదు.

ఆ విధవరాలి కుమారుడు పది దినములు విశ్రమించి, నొప్పి పోయిన పిమ్మట మొదటి వారపు నడకతో మరల ఆరంభించెను. తొమ్మిది వారములును ముగించెను. ఉద్యోగపు పరీక్ష ఇంకను రావలసియున్నది. ఇప్పుడు వాడు గడియారము కట్టుకొని, క్రొత్తగా వచ్చిన పిల్లలు జోరు చేయునప్పుడు, “నిదానం తమ్ముడూ, నిదానం. ఇంకా గుఱ్ఱాలు రాలేదు” అని కేకలు వేయుచున్నాడు.

సంఘస్థులకు తెలియజేయునది: సోమ, బుధ, శుక్రవారములలో ఉదయము 5 గంటలకు దేవాలయపు ఆవరణ గేటు తీసియుండును. స్త్రీలును ఆడపిల్లలును గోడ లోపల ఆవరణ చుట్టు పరుగెత్తవచ్చును. అమ్మగారు వారితో ఉందురు, తల్లులు కోరినయెడల అరుగు మీద కూర్చుండవచ్చును. మగవారు గట్టునకు పోవలెను. నీళ్ల సీసా ఎవరిది వారే తెచ్చుకొనవలెను. వీధి కుక్కలకు జంకువారు పడమటి వీధి మలుపున కూడుకొని గుంపుగా రావలెను.